పచ్చిపిండి నీళ్లు

నాచారం చౌరస్తా కాడ మాదొక ఫాస్ట్‌ఫుడ్ బండి. మా ఆయన బిక్షపతి కడాయి తిప్పుతడు. కూరగాయలు కోసుడు, పిండి కలుపుడు, గిరాకీలతోటి నోరు చేసుకునుడు నా పని. మంచూరియాల కలిపే కార్న్‌ఫ్లోర్ ఉంటది సూడు, తెల్లగ, ముట్టుకుంటే వేళ్ల సందుల నుంచి జారిపోయేటంత మెత్తగ, గదే పిండి మా చెల్లె బిడ్డకు మందని దవాఖానల చెప్పిననాడు నాకు నవ్వాగలే. "ఓ రెబ్కా, నీ బిడ్డకు రోగం గాదే, చైనీస్ సోకింది" అని పరాచికాలాడిన. మా చెల్లె రెబెక్కా నవ్వలే. అప్పటికే అది ఆ పిండి మీద పానం పెట్టుకున్నది.

ఇప్పుడు బండి మీద ఆ డబ్బా మూత తీసినప్పుడల్ల నాకు పోయిన ఎండకాలం యాదికొస్తది. యాది రాకుంట ఉంటే బాగుండు. కానీ మంచూరియా లేని ఫాస్ట్‌ఫుడ్ బండి ఎవలకు గావాలె?

పిల్ల పేరు హెప్సిబా. మేం హెప్సీ అంటం. పసిపిల్లప్పుడు బుగ్గలు బూరెల్లెక్క ఉండె, కడుపు ముందరికి పొంగుకొచ్చి ఉండె, చేతులు కాళ్లు మాత్రం పుల్లలు. చర్చిల ఆడోళ్లు ఎంత బొద్దుగున్నదో అని ఎత్తుకొని ముద్దులాడేటోళ్లు. పొద్దుగాల లేపితే మాత్రం పిల్లకు ఒళ్లంత చెమటలు, వణుకుడు. ఒకపారి తొట్టెలల్నే ఫిట్సొచ్చినయి. ఎన్ని దవాఖానలు తిరిగిన్రో లెక్క లేదు. చివరికి పిల్లల పెద్ద దవాఖానల నెత్తురు తీసి, ఎక్కడికో పరీక్షకు పంపి, రోగం పేరు చెప్పిన్రు. ఆ పేరుకు నాకు నోరు తిరగదు. నాకు అర్థమైందేందంటే, మనం తిన్నదాంట్ల కొంత మన కార్జం, అదే లివర్, దాచిపెట్టి, కడుపు ఖాళీ అయినప్పుడు జరంత జరంత ఇడుస్తదట. హెప్సీ కార్జానికి దాచుడు తెలుసు, ఇచ్చుడు తెల్వది. తాళంచెవి పోయిన బీరువ లెక్క, లోపల ఉంటది గానీ చేతికి రాదు. కొన్ని గంటలు కడుపుల ఏం పడకపోతే నెత్తురుల చక్కెర అడుగంటుతది, మెదడు ఆగమైతది. పుట్టుకతోటి వచ్చింది, పోయేటిది కాదు.

తిండి సంగతి చెప్పే మేడం ఒకామె ఉండె ఆ దవాఖానల, భాగ్యశ్రీ అని. పెద్ద డాక్టర్ల కంటె ఆమెనే ఓపికగ చెప్పింది. కార్న్‌ఫ్లోర్ తూకమేసి సల్లటి నీళ్లల్ల కలిపి, నాలుగు గంటలకొకసారి తాపాలె, రాత్రి లేదు పగలు లేదు. పచ్చిగ ఉంటేనే కడుపుల మెల్లమెల్లగ కరుగుతది, మల్ల పూట దాక కాపాడ్తది. పొయ్యెక్కించినవా, గడియల కరిగిపోతది, తాపినా తాపనట్టే. పండ్లు, చక్కెర, పాలు బంద్. అన్నం, పప్పు, గుడ్డు, కూరలు పెట్టుకోవచ్చు. ఇట్ల ఒక్క పూట తప్పకుంట పెంచుకొస్తే పెద్దగైనకొద్ది పిల్లకు జర తేలికైతది, చదువుకుంటది, ఉద్యోగం చేసుకుంటది. ఒక్కసారి చక్కెర బాగ పడిపోయిందంటే మాత్రం పోయింది పోయినట్టే, తిరిగి రాదు. ఇదంత చెప్పి మా చెల్లె చెయ్యి పట్టుకొని, "రెబెక్కా, ఇగ నీ బిడ్డ కార్జం నువ్వే అనుకో" అన్నది.

మా చెల్లె అట్లనే అనుకున్నది. గట్టి నిద్ర అంటే ఏందో మరిచిపోయింది. బంగారమోళ్ల తక్కెడ లెక్క చిన్న కాంట కొనుక్కున్నది, దాని మీద పిండి పోసేటప్పుడు ఊపిరి కూడ ఆపుకునేది. హెప్సీ దాన్ని సున్నం నీళ్లు అనేది. ముక్కు మూసుకొని, కండ్లు మూసుకొని, ఒక్క గుక్కల మింగి, మొఖం వంకర్లు పెట్టి మాకందరికి చూపించేది. శుభశుక్రవారం ఇంటిల్లిపాది ఉపవాసముంటే అదొక్కతే బాటిల్ ఎత్తి, "నేను ఉపవాసముంటే యేసయ్యకు కోపమొస్తది" అని అందరి ముందర గర్వంగ తాగేది. దేవుని దయ, మా చెల్లె కష్టం, పిల్ల ఏడేండ్లు నిండి రెండో తరగతి పాసైంది.

ఆ ఎండకాలం ముందర మల్లాపూర్‌ల మా మరిది, రెబెక్కా పెనిమిటి జీవన్ కుమార్ పనిచేసే లేత్ వర్క్‌షాప్ కుంటుకుంట నడుస్తుండె. ఇల్లు గడవాలె గద. రెబెక్కా నాచారంల ఒక కంపెనీల ప్యాకింగ్ పనికి కుదిరింది, పొద్దటి షిఫ్టు. స్కూల్ నడిచినన్ని దినాలు ఫికర్ లేకుండె, అక్కడి ఆయమ్మ బాటిల్ ఊపి తాపేది. సెలవులొచ్చినయి. నాకు పొద్దంత బండి. జీవన్ ఉన్న దినం ఉంటడు, పని దొరికిన దినం పోతడు. ఎవలున్నరు ఇగ? రెబెక్కా ఊరికి ఫోన్ చేసి మా అమ్మను రమ్మన్నది.

మా అమ్మ పేరు రాహేలు. మోత్కూరు దిక్కు మా ఊరు. నేను ఉప్పల్ రింగ్ రోడ్డు కాడికి తీసుకరావడానికి పోయేసరికి, బస్సు దిగి కండక్టర్‌తోటి లొల్లి పెట్టుకొని నిలబడ్డది. సంకల జొన్నపిండి మూట, చేతిల కాళ్లు కట్టేసిన కోడి. కోడికి టికెట్ తీయమన్నడట. "అది నా ఒళ్లె కూసున్నది, సీటు మీద కూసున్నదా?" అని అమ్మ దారి పొడుగూత వాదించిందట. ఆఖరికి ఆ కండక్టరే దండం పెట్టి బస్సెక్కి పోయిండు. మనుమరాలికి కూర వండిపెట్టాలని తెచ్చిన కోడి అది. ఆటోల కూసున్న సంది పిల్ల ఎంత పొడుగైంది, అన్నం తింటున్నదా, నీళ్ల పిండేందో తాపుతరట కద ఏందది అని అడుగుడే అడుగుడు.

మా అమ్మ ముందర పచ్చిపిండి మాట ఎత్తరాదు. చిన్నప్పుడు రొట్టెల పిండి ముద్ద చిటికెడంత తీసి నోట్లె వేసుకుంటే గంటె కాడతోటి చేతి మీద కొట్టేది. మాకు ముందర ఒక అన్న పుట్టిండు, దానియేలు. అది కరువొచ్చిన ఏడాది. అమ్మ వాణ్ని సంకల వేసుకొని మట్టిపనికి పోయింది. పొయ్యి రాజేసుకునే దిక్కు లేక, పిల్లగాడు ఆకలికి ఏడుస్తుంటే సూడలేక, జొన్నపిండి అక్కడి గుంత నీళ్లల్ల పచ్చిగనే కలిపి తాపింది. కడుపుబ్బి, నీళ్ల విరేచనాలై పోయిండు. పిండితోటి పోయిండో, ఆ గుంత నీళ్లతోటి పోయిండో ఎవలు చెప్పాలె? అమ్మ మాత్రం పిండే అన్నది. ఇప్పటికీ ప్రార్థనల దానియేలు పేరు వస్తే ప్రార్థన ఆపి కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంటది.

రెబెక్కా పనికి పోయే ముందర కొన్ని దినాలు ఇంట్లనే ఉండి అమ్మకు నేర్పింది. కాంట పెట్టుడు, సున్న వచ్చేదాక ఆగుడు, పిండి పోసుడు, సల్లటి నీళ్లు, బాటిల్ ఊపుడు. అమ్మ ఏం తక్కువ మనిషి కాదు, రెండోసారికే చేతికి వచ్చింది. ఒక్కటే మాట మల్ల మల్ల అడిగింది.

"పచ్చిదేనా బిడ్డా?"

"పచ్చిదే అమ్మ. వేడి తగలనియ్యొద్దు."

అమ్మ ఊ అన్నది. ఎందుకు తగలనియ్యొద్దో కూడ రెబెక్కా చెప్పింది, మేడం చెప్పింది చెప్పినట్టు. నేను అక్కడనే ఉన్న, విన్న. అమ్మ బాటిల్ దిక్కు చూసుకుంట కూసున్నది. హెప్సీ ముక్కు మూసుకొని తాగి, మొఖం వంకర్లు పెడితే, అమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మనుమరాలి మీద ప్రేమ కద అనుకున్నం.

మే నెల మా ఇండ్లల్ల మస్తు సంతోషంగ గడిచింది. అబద్ధమెందుకు చెప్పాలె, అంత సంతోషం అంతకు ముందర కొన్నేండ్లు చూడలే. రెబెక్కాకు పనిల నలుగురు దోస్తులైన్రు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తోటోళ్లతోటి పంచుకొని తినేది. కంపెనీ గేటు మా బండికి దగ్గర్నే, సాయంత్రం వచ్చి బావతోటి ఒక ప్లేట్ నూడిల్స్ వేయించుకొని తినుకుంట నవ్వుకుంట ముచ్చట్లు చెప్పేది. హెప్సీ పగటి పూట పిండికి ఏడ్చుడు బంద్ చేసింది. తల్లి తాపే రాత్రి పూట, తెల్లారగట్ల పూట మాత్రం పాత తీరే, ముక్కు మూసుకునుడే. కడుపుల గుడగుడమంటది అనేది కూడ తగ్గింది. అమ్మమ్మ తాపితే మంచిగుంటదంటున్నది అని రెబెక్కా మురిసిపోయి చెప్పింది. అమ్మమ్మ చేతి మహిమ అనుకున్నం. ఏ ఇంట్ల చూడు, పిల్లలకు అమ్మమ్మ చేతిదే తీపి కద.

పిల్ల మధ్యాహ్నాలు ఎక్కువ పండుకుంటున్నది. చెమటలు పోస్తున్నయి. ఎండకు ఎవలకు పోస్తలేవు? రేకుల ఇల్లు, కింద నేల కాలుతది, మీద రేకు కాలుతది. జీవన్ రేకు మీద తడి గోనెసంచులు పరిచిండు. రెబెక్కా పొద్దుగాల, రాత్రి వేలు పొడిచి మిషన్ల చక్కెర చూసేది, బరాబరే ఉండేది. ఎందుకుండదు, ఆ పూటలు తను తాపినయే.

రోహిణి కార్తె వచ్చింది. ఆ దినం పిల్లకు పొద్దటి సంది ఒళ్లు వెచ్చగున్నది. రెబెక్కా పనికి పోనంటే అమ్మనే పొమ్మన్నది. నేను లేనా, నేనేమన్న నిన్నటి పిల్లనా అన్నది. రెబెక్కా పని నుంచి రెండు మూడుసార్లు ఫోన్ చేసి అడిగింది, పిండి తాగిందా అమ్మ అని. తాగింది బిడ్డా, గ్లాసు నిండ తాగింది అన్నదట. నిజమే చెప్పింది.

మధ్యాహ్నం గిరాకీ తగ్గినంక నేను రెండు ఉడకబెట్టిన గుడ్లు పట్టుకొని వాళ్లింటికి పోయిన. చర్చి ఎనక గల్లీ. అమ్మ గడప మీద కూసొని చింతపండు గింజలు తీస్తున్నది. నన్ను చూడంగనే వేలు మూతి మీద పెట్టుకున్నది. అన్నం వద్దన్నది, పిండి మాత్రం కడుపు నిండ తాగి పండుకున్నది, లేపకు అని మెల్లగ చెప్పింది. గుడ్లు లోపల పెట్టొస్తనని నేను చెప్పులు విడిచి లోపలికి పోయిన.

పిల్ల గోడ దిక్కు తిరిగి ఉన్నది. జుట్టు నుదురుకు అతుక్కున్నది. అంత ఉడుకుల ఆ చెయ్యి సల్లగున్నది. పిలిచిన, కదిలించిన. దవడ గట్టిగ బిగుసుకున్నది, ఒక కాలు అదురుతున్నది. పిల్ల ఎప్పుడన్న ఇట్లయితే చిగుళ్లకు గ్లూకోజు పొడి రుద్దాలని రెబెక్కా మాకందరికి చెవిన ఇల్లు కట్టుకొని చెప్పి ఉండె, ఆ డబ్బా వంటకాడ అరల ఉంటది. ఉరికిన. డబ్బా అందుకునేటప్పుడు స్టవ్ మీద గిన్నె కనబడ్డది.

గిన్నె అడుగున తెల్లటి జావ మిగిలి ఉన్నది, చిక్కగ, పైన సన్నటి పొర కట్టి మెరుస్తున్నది. పక్కన గంటె, ఉప్పు డబ్బా. దినాం కడాయిల ఆ పిండి ఉడికితే ఎట్ల మెరుస్తదో చూసేదాన్ని నేను, నాకెవలు చెప్పాలె? ఒక్క క్షణం చూసిన. అంతే. గ్లూకోజు తీసుకొని పిల్ల దగ్గరికి పోయిన.

ఆటోల హబ్సిగూడ సిగ్నల్ కాడ ఆగినప్పుడు అమ్మ పిల్ల పాదాలు ఒళ్లె పెట్టుకొని రుద్దుకుంట, ప్రభువా ప్రభువా అంటున్నది. నేను చిగుళ్ల మీద పొడి రుద్దుతనే ఉన్న, సగం దవడ సందుల నుంచి కారిపోయింది. ఆమె మొఖం దిక్కు చూడబుద్ధి కాలే నాకు. రెబెక్కా కంపెనీ నుంచి సీదా దవాఖానకు వచ్చింది, తల మీద ఇంకా ప్యాకింగ్ టోపీ ఉన్నది.

పిల్లను లోపలికి తీసుకపోయిన్రు. మేం వరండల కింద కూసున్నం. రెబెక్కా తనలో తానే లెక్కలేసుకుంటున్నది, పెదవులు కదులుతున్నయి. పిండి పూట తప్పలే, వాంతి కాలే, మరెందుకు పడ్డది అని ఆలోచిస్తున్నదని నాకు తెలుస్తనే ఉన్నది. చెప్పాలె, అమ్మ లేనప్పుడు చెప్పాలె అనుకుంటుంటనే అది అమ్మ దిక్కు తిరిగి అడిగింది, పిండి ఎట్ల కలిపినవమ్మా అని.

"ఎట్లంటే, నువ్వు చెప్పినట్టే బిడ్డా. కాంట పెట్టి తూకమేసి. మీకు తీరిక లేక పచ్చిది తాపుతున్నరు గానీ నాకేం పనున్నది? పచ్చి వాసన పోయేదాక మంచిగ ఉడకవెట్టి, జరంత ఉప్పేసి, సల్లార్చి తాపిన. వచ్చిన కాడి సంది ఒక్క పూట తప్పలే."

అమ్మ ఈ మాట తప్పు ఒప్పుకున్నట్టు చెప్పలే. భరోసా ఇచ్చినట్టు చెప్పింది, బిడ్డ భయపడుతున్నదని.

రెబెక్కా అమ్మ మొఖం దిక్కు చూసింది. తర్వాత టోపీ తీసి మడిచి ఒళ్లె పెట్టుకున్నది.

"సరే అమ్మ. పొద్దటి సంది నువ్వేం తినలే. అక్కతోటి పోయి ఏమన్న తినిరా."

అంతే అన్నది. నేను అమ్మను కిందికి తీసుకపోయిన. ఇడ్లీ ముందర పెట్టుకొని అమ్మ ప్రార్థన చేసుకున్నది. నాకు ఆ ప్లేటు ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. ఆమె మీద కోపం రాలేదంటే అది అబద్ధం. మనిషి చేతి నిండ ప్రేమ పట్టుకొని వస్తే ఆ చెయ్యిని ఎట్ల తిట్టాలె? తిట్టలేక, ఊరుకోలేక నేను చట్నీ గిన్నె జరుపుకుంట కూసున్న.

మేం పైకి వచ్చేసరికి రెబెక్కా, భాగ్యశ్రీ మేడం తలుపు కాడ నిలబడి మాట్లాడుతున్నరు. అమ్మను బల్ల మీద కూసోబెట్టి నేను దగ్గరికి పోయిన. మా చెల్లె మేడంకు ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. మేడం మొఖం ఎర్రగైంది. ఆ ముసలామెకు నేను కూసొని చెప్త, మల్ల అట్ల చెయ్యకుంట అన్నది. రెబెక్కా వద్దన్నది. ఇగ మల్ల అనేది లేదు మేడం, నేనే చేసుకుంట, మా అమ్మకు మాత్రం మీరెవరు చెప్పొద్దు అని చేతులు జోడించింది. మేడం లోపలికి పోయింది.

జీవన్‌కు బయట స్కూటర్ల కాడ చెప్పింది. ఆయన ఒక స్కూటర్ సీటు మీద తల పెట్టి ఏడ్చిండు. అత్తమ్మను ఇప్పుడే బస్సెక్కిస్త అన్నడు. ఎక్కించొద్దన్నది రెబెక్కా. ఒక్క మాట కూడ అనొద్దని పిల్ల మీద ఒట్టు వేయించుకున్నది. ఆయన ఆ ఒట్టు తప్పలే. కానీ ఆ దినం నుంచి అత్త మొఖం చూసి ఒక్క ముక్క మాట్లాడలే. బిడ్డ మీద బెంగ పెట్టుకున్నడు పాపం అని అమ్మ ఆయన్ని చూసి జాలిపడేది.

హెప్సీ బతికింది. బతికింది అనే మాటకు నేనైతే ఇప్పటికీ అర్థం చెప్పలేను. కండ్లు తెరిచేది, ఎవల దిక్కు చూసేది కాదు. మెదడు చానసేపు ఎండిపోయిందని, ఇగ వచ్చేటిది తక్కువేనని డాక్టర్లు చెప్పి, ముక్కుల గొట్టం పెట్టి ఇంటికి పంపిన్రు. తొలకరి పడ్డది. బడులు తెరిచిన్రు. గల్లీల పిల్లలు కొత్త బ్యాగులేసుకొని పోతుంటే రెబెక్కా తలుపు దగ్గరికి వేసేది. పని ఇడిచిపెట్టింది. నాలుగు గంటలకొకసారి కాంట, పిండి, సల్లటి నీళ్లు. ముక్కు మూసుకునేటోళ్లు లేరు, మొఖం వంకర్లు పెట్టేటోళ్లు లేరు. సిరంజితోటి గొట్టంల పోస్తుంటే పిల్ల రేకు దిక్కు చూసుకుంట ఉండేది.

అమ్మ ఊరికి పోలే. పిల్ల కాళ్లు పిసుక్కుంట, నూనె రాసుకుంట, జుట్టు దువ్వుకుంట అక్కడనే ఉన్నది. ఒక శుక్రవారం పాస్టర్ జ్ఞానయ్య గారు, చర్చి ఆడోళ్లు ప్రార్థనకు వచ్చిన్రు. ప్రార్థన అయినంక ఒకామె అడిగింది, మంచిగున్న పిల్లకు ఇట్లెట్లయిందమ్మా అని. అమ్మ కొంగుతోటి కండ్లు తుడుచుకొని అందరి ముందర చెప్పింది.

"ఎట్లయితదమ్మా. ఏండ్ల తరబడి పచ్చిపిండి తాపిన్రు. పసి కడుపు, ఎన్ని దినాలు ఓరుస్తది? నేను వచ్చినంక ఆ జరన్ని దినాలన్న ఉడకవెట్టి పోసిన, లేకుంటే ఎప్పుడో పోయేది. ఇప్పటికీ అదే పచ్చిది గొట్టంల పోస్తున్నరు. చెప్తే ఇనరు."

ఆడోళ్లందరు రెబెక్కా దిక్కు తిరిగి చూసిన్రు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి అమ్మా అన్న. ఇంకో మాట నోట్ల నుంచి రాకముందే రెబెక్కా నా మణికట్టు పట్టుకున్నది. గోర్లు దిగినయి. అది తల వంచుకొని కూసున్నది, తప్పు చేసిన మనిషి లెక్క. పాస్టర్ గారు దేవుని చిత్తం అని ఏదో అన్నడు.

అందరు పోయినంక నల్ల కాడ దాన్ని పట్టుకొని నిలదీసిన. నీ బిడ్డను నువ్వే ఇట్ల చేసుకున్నవని గల్లీ గల్లీ అనుకుంటది, అది నీకు సమ్మతమేనా అని అడిగిన. బిందె నిండుతుంటే చూసుకుంట అది మెల్లగ చెప్పింది.

"దానియేలన్నను నలభై ఏండ్ల పైనాయె మోస్తున్నది అక్క. ఇప్పుడు హెప్సీని కూడ నెత్తికెత్తితే లేస్తదా ఆమె? ఎట్లయిన నా బిడ్డ లేస్తలేదు. నా మీదనే ఉండనీ."

బిందె నేనే ఎత్తుకొని లోపలికి తీసుకపోయిన.

వానలు గట్టిగ పట్టినంక పిల్లకు నిమ్ము చేసింది. ఊపిరి గురగుర అని, ఒక పొద్దుగాల అది కూడ ఆగింది. రెబెక్కా అప్పుడు పిండి తూకమేస్తున్నది. జీవన్ పిలిస్తే వచ్చి చూసి, మల్ల వంటకాడికి పోయి, కాంట మీది పిండిని డబ్బల పోసి మూతపెట్టి, అప్పుడు వచ్చి బిడ్డ పక్కన కూసున్నది. సమాధుల తోటల మన్ను బురద బురదగుండె. చిన్న పెట్టె. జీవన్ ఒక్కడే ఎత్తుకున్నడు, ఎవలను పట్టనియ్యలే. చర్చి ఆడోళ్లు అమ్మను పట్టుకొని ఏడ్చిన్రు. మా చెల్లె దగ్గరికి ఒకరిద్దరే పోయిన్రు.

నలభయ్యో దినం ప్రార్థన కూడిక అయినంక అమ్మ ఊరికి బయలెల్లింది. మూట కట్టుకుంటుంటే ఆమె కండ్లు అర మీద పడ్డయి. విప్పని కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్లు వరుసగ ఉన్నయి, రెబెక్కా ఎప్పుడు తక్కువ కానిచ్చేది కాదు. గంత మంచి పిండి పురుగుల పాలు చేస్తరా, ఊళ్లె మన గూడెం పిల్లలకు జావ కాసి పోస్త అన్నది అమ్మ. జీవన్ లేచి బయటికి పోయిండు. నేను వద్దనబోయిన. రెబెక్కా లేచి, ప్యాకెట్లు ఒక్కొక్కటి తీసి, దుమ్ము తుడిచి, అమ్మ సంచిల సర్దింది.

ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ బస్సు కోసం నిలబడ్డం ముగ్గురం. మెట్రో పిల్లర్ కింద నీడకు. ఈసారి కోడి లేదు, లొల్లి లేదు. అమ్మ రెబెక్కా చెయ్యి పట్టుకొని నిమురుకుంట చెప్పింది. నేను నిన్నేమనను బిడ్డా, ఆ దినం అందరి ముందర నోరు జారిన, మనసుల పెట్టుకోకు అన్నది. డాక్టర్లు చెప్తే నువ్వు తాపినవు, నాడు దిక్కు లేక దానియేలుకు నేను తాపిన, మనిద్దరిది ఒకటే గతి అన్నది. తల్లి కావాలని చేస్తదా ఎక్కడన్న, దేవుడు నన్ను క్షమించినట్టే నిన్ను క్షమిస్తడు అన్నది. మా చెల్లె తలూపింది. అమ్మ దాని నుదుటి మీద ముద్దుపెట్టుకున్నది. నేను రోడ్డు దిక్కు తిరిగి నిలబడ్డ. ఏడుపు ఆగుతలే.

మోత్కూరు బస్సు వచ్చింది. సంచి పైన పెట్టి అమ్మను కిటికీ పక్కన కూసోబెట్టి దిగినం. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేసినంక రెబెక్కా కిటికీ దగ్గరికి పోయింది. ఏడేండ్లు ఇంటికొచ్చిన ప్రతి మనిషికి పచ్చిదే, వేడి తగలనియ్యొద్దు అని చెప్పిన నోరు అది. కిటికీ ఊచ పట్టుకొని తల ఎత్తింది.

"అమ్మా, ఆ పిండి మంచిగ ఉడకవెట్టి తాపు పిల్లలకు. పచ్చి వాసన పోయేదాక."

"నాకు చెప్పాలెనా బిడ్డా" అన్నది అమ్మ.

బస్సు కదిలింది. కిటికీల నుంచి అమ్మ చెయ్యి ఊపుతనే ఉన్నది. బస్సు కనబడకుంట పోయేదాక మా చెల్లె కూడ ఊపింది.